నవలలుండగా పాత సైన్స్ ఫిక్షన్ కథల సంకలనాలు ఎందుకు చదవాలి?

సైన్స్ ఫిక్షన్ నవలలు చదువుతున్నాను, సినిమాలు చూస్తున్నాను, మరి డెబ్భై ఎనభై ఏళ్ల కిందటి కథలు గుదిగుచ్చిన లావుపాటి పుస్తకాల్లో జనానికి ఏం నచ్చుతుంది, వాటిలో సైన్స్ ఎప్పుడో పాతబడిపోయింది కదా అని అడిగారు. పాతికేళ్లకు పైగా అవే పుస్తకాలు తిరిగి తిరిగి చదువుతున్నవాణ్ణి కాబట్టి నా అనుభవం చెబుతాను. కొన్ని కథల ముగింపులు చెప్పక తప్పదు. ముందే చెబుతున్నాను.

నా చేతికి వచ్చిన మొదటి సంకలనం 1997లో హైదరాబాద్ అబిడ్స్‌లో దొరికింది, ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో. అట్ట లేదు, మొదటి పేజీలు కొన్ని ఊడిపోయాయి. ముప్పై రూపాయలు. నేను తెనాలి దగ్గర పల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంగ్లీషు నవల మొదలుపెడితే యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఇందులో ఒక కథ కొరుకుడు పడకపోయినా ఇంకో కథ ఉంటుంది కదా అనే ధైర్యంతో కొన్నాను.

అది రాబర్ట్ సిల్వర్‌బర్గ్ సంపాదకత్వంలో 1970లో వచ్చిన 'ది సైన్స్ ఫిక్షన్ హాల్ ఆఫ్ ఫేమ్' మొదటి భాగమని తర్వాత తెలిసింది. 1929 నుంచి 1964 దాకా వచ్చిన కథల్లోంచి ఇరవై ఆరు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం సభ్యులు ఓట్లేసి, ఆ ఓట్ల ఆధారంగా ఎంచిన కథలవి. 1964తో ఎందుకు ఆపారంటే, ఆ తర్వాతి సంవత్సరం నుంచి వచ్చిన రచనలకు ఆ సంఘమే నెబ్యులా అవార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. అవార్డులు లేని కాలంలో వచ్చిన మంచి కథలకు ఇదొక గౌరవం అన్నమాట.

నేను వరసగా చదవలేదు. పేజీలు తిప్పుతూ వాక్యాలు తేలిగ్గా ఉన్న కథ కోసం వెతికితే చివర్లో ఒకటి కనిపించింది. చిన్న చిన్న వాక్యాలు. కానీ స్పెల్లింగులు నాకు తెలిసినట్టు లేవు. 'ప్రోగ్రిస్ రిపోర్ట్' ఏమిటో డిక్షనరీలో వెతికాను. లేదు. నాకు తెలియని ఇంగ్లీషు ఇంకా ఎంత ఉందో అనుకున్నాను. రెండు మూడు పేజీలయ్యాక గాని అవి ఛార్లీ గోర్డన్ అనే మనిషి తప్పులని, అతనికి తెలివి పెంచే ఆపరేషన్ చేయబోతున్నారని అర్థం కాలేదు. అది డేనియల్ కీస్ 1959లో రాసిన 'ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్'. ఛార్లీ కామాలు పెట్టడం నేర్చుకుంటుంటే అతనితో పాటు నేనూ నేర్చుకుంటున్నట్టే ఉండేది. ఆ తర్వాత అతని తెలివి నన్ను దాటి వెళ్లిపోయింది. చివర్లో మళ్లీ పాత స్పెల్లింగులు ఒక్కొక్కటే వెనక్కి వస్తుంటే పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను. భాష సరిగ్గా రాకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నేర్చుకున్నది చేజారిపోవడం ఎలా ఉంటుందో ఆ కథ చెప్పింది.

ఇదే కథను రచయిత 1966లో నవలగా పెంచారు. అదీ మంచి పుస్తకమే. అయినా నా ఓటు కథకే. అందులో ఎక్కడం, దిగడం రెండూ ఒక్క విడతలో, ఒకే సాయంత్రంలో జరిగిపోతాయి. పొద్దున ఉన్న మనిషి సాయంత్రానికి లేడన్నట్టు ఉంటుంది. నవలలుండగా కథలెందుకన్నారే, దానికి నా మొదటి జవాబు ఇదే.

రెండోది, కథైతే నోటితో చెప్పవచ్చు. ఆ వేసవిలో ఊరు వెళ్లినప్పుడు డాబా మీద పడుకుని పిల్లలకి ఐజాక్ అసిమోవ్ 'నైట్‌ఫాల్' చెప్పాను. సభ్యుల ఓట్లలో మొదట నిలిచిన కథ అదే. 1941లో రాసేనాటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు. ఒక లోకానికి ఆరుగురు సూర్యులు. ఒకరు కుంగితే ఇంకొకరు ఉంటారు, చీకటనేదే పడదు. రెండువేల నలభై తొమ్మిదేళ్లకు ఒకసారి మాత్రం ఒక్క సూర్యుడే ఉన్న వేళ గ్రహణం పడుతుంది. మా మామయ్య చిన్నకొడుకు అడ్డం తగిలి, "మరి వాళ్లకి లైట్లు లేవా?" అన్నాడు. నేను తడుముకుంటుంటే పక్క మంచం మీంచి అమ్మమ్మ అంది, "రాత్రే ఎరగనోళ్లకి దీపం ఎందుకుంటుందిరా!" కథ మొత్తం నిలబడింది ఆ మాట మీదే. దీపం చేసుకోవలసిన అవసరం రాని మనుషులు, చీకటి పడగానే పిచ్చెక్కి, వెలుగు కోసం ఊళ్లకు ఊళ్లే తగలబెట్టుకుంటారు. అమ్మమ్మ బడికి వెళ్లలేదు. గ్రహణం సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒకే రచయిత కథలైతే సంపుటి అంటాం, పలువురి కథలైతే సంకలనం అంటాం. ఆ తేడాలోనే ఉంది ఈ పుస్తకాల రుచి. ఒకరు ఒక మాట అని వెళ్లిపోతారు. తర్వాతి పేజీలో ఇంకొకరు కాదంటారు. పైన చెప్పిన పుస్తకంలో కథల్ని అచ్చయిన కాలం వరసలో పెట్టారు. ఆ వరసలో 1944 నాటి ఫ్రెడ్రిక్ బ్రౌన్ కథ 'అరీనా' వస్తుంది. మనుషులకీ గ్రహాంతర జీవులకీ యుద్ధం. ఎవరో మహాశక్తి రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరిని తెచ్చి నీలి ఇసుకలో వదులుతుంది. ఓడినవాడి జాతి మొత్తం నాశనం. మనవాడు అవతలిదానితో సంధికి ప్రయత్నిస్తాడు. తిరిగి వచ్చేది ద్వేషమే. చంపి గెలుస్తాడు.

ఆ వెంటనే వచ్చేది ముర్రే లైన్‌స్టర్ 'ఫస్ట్ కాంటాక్ట్'. 1945. ఇక్కడా రెండు జాతులే, మన ఓడ ఒకటి, వాళ్ల ఓడ ఒకటి, అంతరిక్షం మధ్యలో ఎదురుపడతాయి. ఎవరు ముందు ఇంటిదారి పట్టినా రెండోవాళ్లు వెంబడించి ఇల్లు కనిపెట్టేస్తారని భయం. వదిలి వెళ్లలేరు, కాల్చనూ లేరు. చదువుతుంటే మనకీ అదే టెన్షన్. చివరికి వాళ్లకు తట్టిన ఉపాయం, ఓడలు మార్చుకోవడం. ఆయుధాలు, దారి చూపే పటాలు తీసేసి, నీ ఓడ నాకు, నా ఓడ నీకు. అవతలివాళ్లకూ సరిగ్గా అదే ఆలోచన వచ్చి ఉంటుంది! ఆఖర్లో రెండు ఓడల్లోని ఇద్దరు కుర్రాళ్లు ఒకరికొకరు జోకులు చెప్పుకుంటూ కాలక్షేపం చేశారని తెలుస్తుంది.

దాని తర్వాత జుడిత్ మెరిల్ 'దట్ ఓన్లీ ఎ మదర్', 1948. అంతరిక్షం లేదు, ఓడలు లేవు. అణుధార్మికత సోకిన కాలంలో ఒక తల్లి దూరాన ఉన్న భర్తకు తమ పాప గురించి ఉత్తరాలు రాస్తుంటుంది. పాప ఎంత తెలివైనదో, ఎంత త్వరగా మాటలొచ్చాయో. తండ్రి ఇంటికొచ్చి పాపను ఎత్తుకున్నప్పుడు తెలుస్తుంది, ఆ బిడ్డకు కాళ్లూ చేతులూ లేవని. తల్లికి మాత్రం ఆ లోపం కనబడనే కనబడదు.

యుద్ధం సాగుతుండగా ఒక కథ, అయిపోవస్తుండగా ఒకటి, హిరోషిమా తర్వాత ఒకటి. మూడూ వచ్చింది 'అస్టౌండింగ్' అనే ఒకే పత్రికలో. వీటిని పక్కపక్కన పెట్టింది తేదీలు తప్ప ఎవరి పథకమూ కాదు. విడివిడిగా చదివితే మూడు మంచి కథలు. వరసగా చదివితే నాలుగేళ్లలో మనుషుల భయం ఎటు నుంచి ఎటు తిరిగిందో కనిపిస్తుంది. శత్రువు మీద భయం కాస్తా మన చేతుల్లోని వస్తువు మీదికి మళ్లింది. ఏ నవలా నాకిది చూపించలేదు. తెలుగులో ఏటేటా వచ్చే 'కథ' సంకలనాల్ని వరసబెట్టి చదివినవాళ్లకు నేనంటున్నదేమిటో వెంటనే తెలుస్తుంది.

సైన్స్ పాతబడిందన్న మాట నిజమే. కొన్ని కథలు ఆలోచనలోనూ పాతబడ్డాయి. ఇంటిపని చేసే ఆడ రోబో ఆదర్శ భార్యగా మారే కథ ఒకటి ఈ పుస్తకంలోనే ఉంది, ఇప్పుడు నేను దాన్ని దాటేసి వెళతాను. ఇరవై ఆరు కథల్లో తన పేరుతో కనిపించే స్త్రీ జుడిత్ మెరిల్ ఒక్కరే. లూయిస్ పాడ్జెట్ అనే మారుపేరు వెనక సి.ఎల్. మూర్ తన భర్తతో కలిసి రాశారు. ఈ లోటు చిన్నది కాదు, దాన్ని కప్పిపుచ్చి మీకీ పుస్తకం ఇవ్వలేను. అయినా ఈ సంకలనాలే లేకపోతే ఆ కథల్లో చాలావరకు మన దాకా వచ్చేవి కావు. అవి అచ్చయింది చౌక కాగితం మీద. నాలుగేళ్లకు పసుపెక్కి అంచులు విరిగిపోయే కాగితం. 1946లో హీలీ, మెక్‌కోమస్ అనే ఇద్దరు సంపాదకులు కలిసి 'అడ్వెంచర్స్ ఇన్ టైమ్ అండ్ స్పేస్' అని దాదాపు వెయ్యి పేజీల గట్టి అట్ట పుస్తకం తెచ్చారు. అలాంటి పుస్తకాల వల్లే ఈ కథలు లైబ్రరీ అరల్లోకి చేరాయి.

మీరు మొదలుపెడితే రోజుకొక్క కథే చదవండి. వరసగా నాలుగు చదివితే ఒకదాని రుచి ఇంకోదానికి అంటుకుంటుంది. సంపాదకుడి ముందుమాట ఆఖరికి పెట్టుకోండి. ఎవరితోనైనా కలిసి చదివితే మరీ మంచిది.

మొన్న వేసవిలో మా అమ్మాయికి టామ్ గాడ్విన్ 'ది కోల్డ్ ఈక్వేషన్స్' ఇచ్చాను, 1954 నాటిది. జ్వరంతో చావుబతుకుల్లో ఉన్న ఆరుగురికి మందు తీసుకెళుతున్న చిన్న ఓడలో, అన్నను చూడాలని ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల దొంగతనంగా ఎక్కుతుంది. ఇంధనం లెక్కగా ఉంది. ఆమె బరువు కూడా ఉంటే ఓడ క్షేమంగా దిగడం కుదరదు, ఆమెను బయటకు తోసేయాల్సిందే. రచయిత ఆ పిల్లను ఎలాగోలా బతికిస్తుంటే, పత్రిక ఎడిటర్ జాన్ కాంబెల్ ఒప్పుకోక కథను వెనక్కి పంపి మళ్లీ రాయించాడని చెబుతారు. మా అమ్మాయికి ఆ ముగింపు నచ్చలేదు. కాగితం తీసుకుని ఓడలోంచి బయటకు విసిరేయగలిగినవన్నీ రాసింది. పైలట్ కుర్చీ, అల్మరా తలుపు, బూట్లు, పిస్టల్, ఒంటి మీది అదనపు బట్టలు. ఒక్కోదానికి బరువు ఎంతుంటుందో నన్నడిగి పక్కన వేసుకుంది. రాత్రి భోజనం దగ్గర కూడా ఆ కాగితం కంచం పక్కనే ఉంది. అన్నం కలుపుతూ, "నాన్నా, తలుపు ఇనుపదైతే ఎంతుంటుంది?" అని అడుగుతూనే ఉంది.