పాస్‌వర్డ్ మారనంటోందా? ముందు డిస్క్ చూడండి

విజయనగరంలో మీ కాలేజీ ల్యాబ్ లినక్స్ సర్వర్‌లో పాస్‌వర్డ్ మారుస్తుంటే ‘అథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్’ వస్తోందన్నారు. టెన్షన్ పడి పిల్లల అకౌంట్లు మాత్రం తీసేయకండి.

పాత పాస్‌వర్డ్ తప్పు కొట్టినా ఇదే వస్తుంది, కానీ రూట్‌గా (అన్ని అధికారాలున్న అడ్మిన్ అకౌంట్) మార్చినా అలాగే ఉంటే పాస్‌వర్డ్‌లు దాచే షాడో ఫైల్‌లోకి (/etc/shadow) రాయలేకపోతోందేమో చూడాలి. డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ (df) కమాండ్ కొట్టండి, రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లుండే డిస్క్ భాగం, ‘/’) 100 శాతం నిండిపోయి ఉంటే చాలాసార్లు దాన్ని మింగేసేది పాత లాగ్ ఫైళ్లే. ఖాళీ ఉందా, అయితే మౌంట్ (mount) కమాండ్ కొట్టి డిస్క్ రీడ్-ఓన్లీలో, అంటే చదవడమే తప్ప రాయలేని స్థితిలో ఉందేమో చూడండి. కరెంటు పోయి మెషీన్ ఉన్నపళంగా ఆగితే డిస్క్ రీడ్-ఓన్లీలోకి వెళ్లిపోవచ్చు, అప్పుడు ముందు బ్యాకప్, తర్వాతే రిపేర్.

ఇవేవీ కాకపోతే ఫైల్ గుర్తులు చూపే ఎల్ఎస్ఏటీటీఆర్ (lsattr) కమాండ్‌తో షాడో ఫైల్ చూడండి, అక్కడ మార్చకుండా తాళం వేసే ‘ఐ’ (i) అక్షరం కనిపిస్తే రూట్ కూడా దాన్ని మార్చలేదు. ఆ గుర్తును సీహెచ్ఏటీటీఆర్ (chattr) కమాండ్‌తో తీసేయొచ్చు గానీ, అది ఎవరు పెట్టారో తెలుసుకోకుండా తీయకండి, సర్వర్‌లోకి దూరినవాళ్లు కూడా ఈ పని చేస్తారు.