కారు డోర్ రబ్బరు బీడింగ్ అంటించిన వారానికే ఊడిపోతుంటే

బీడింగ్‌ని క్విక్ గమ్‌తో (ఫెవిక్విక్ లాంటి, క్షణాల్లో అంటుకునే గమ్) అంటించి ఉంటే, అందుకే ఊడుతోంది. అది ఆరాక గాజులా బిరుసెక్కుతుంది. తలుపు వేసినప్పుడల్లా రబ్బరు వంగుతుంది, గమ్ పగులుతుంది. విజయవాడ ఎండకి రేకు కాలితే ఇంకా త్వరగా పోతుంది.

దాని బదులు ఆటోనగర్‌లో కారు స్పేర్ పార్ట్స్ షాపుల్లో వెదర్‌స్ట్రిప్ అధెసివ్ (డోర్ రబ్బరు అంటించే గమ్) అని అడగండి.

1. పాత గమ్‌ని ప్లాస్టిక్ ముక్కతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రేకు, రబ్బరు రెండూ తుడవండి. థిన్నర్ మాత్రం వద్దండీ, పెయింట్ పోతుంది.

2. రబ్బరు వెనకవైపు ఎమరీ పేపర్‌తో కాస్త గరుకు చేయండి.

3. రేకుకీ రబ్బరుకీ రెంటికీ అధెసివ్ పల్చగా రాయండి. అందరూ తొందరపడేది ఇక్కడే. తడిగా ఉండగానే అంటించకండి, ఐదు పది నిమిషాలు ఆగండి. వేలితో తాకితే జిగటగా తగలాలి, వేలికి మాత్రం అంటకూడదు. అప్పుడు రబ్బరుని సాగదీయకుండా గట్టిగా నొక్కండి.

నీడలోనే చేయండి. ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి.