టెక్ సందేహాలు: హెచ్‌టీఎంఎల్ మధ్యలో ఇరుక్కున్న క్వెరీలు

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్‌ని చాలా ఏళ్ల కిందట ఎవరో పీహెచ్‌పీలో రాసిచ్చారు. ఇప్పుడు అది నా నెత్తిన పడింది. హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ 8కి మార్చగానే పేజీలన్నీ తెల్లగా వస్తున్నాయి. నలభైకి పైగా ఫైళ్లున్నాయి. ఏది తెరిచినా టేబుల్ ట్యాగుల మధ్య 'మైఎస్‌క్యూఎల్_క్వెరీ' అని కనిపిస్తోంది. అంతా తీసేసి లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో మళ్లీ రాయమంటారా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దండీ. పేజీలు తెల్లగా ఎందుకు వస్తున్నాయో ముందు చూద్దాం. 'మైఎస్‌క్యూఎల్_' అని మొదలయ్యే, డేటాబేస్‌తో మాట్లాడే ఆ పాత ఫంక్షన్లను వాడొద్దని 2013లో పీహెచ్‌పీ 5.5తోనే హెచ్చరించారు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. మీ సర్వర్‌కి ఇప్పుడు ఆ పేరుతో ఫంక్షనే తెలియదు. ఎర్రర్లు తెర మీద చూపించే సెట్టింగ్ ఆపేసి ఉండటంతో మీకు తెల్ల కాగితం కనిపిస్తోంది. ఎర్రర్ లాగ్ తెరిస్తే అసలు మాట అక్కడ ఉంటుంది.

పేరులో ఒక 'ఐ' చేర్చి ('మైఎస్‌క్యూఎల్ఐ_' అని) ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే పోలేదా అని చాలామంది అడుగుతుంటారు. పోదు. కొత్త ఫంక్షన్‌కి కనెక్షన్‌ను ముందు ఇవ్వాలి, క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) తర్వాత. కాబట్టి ఎలాగూ ప్రతి క్వెరీ మీదా చెయ్యి వెయ్యక తప్పదు. వేసినప్పుడే దాన్ని ఆ పేజీలోంచి బయటికి తీసెయ్యండి. ఆ పాత సైట్ రాసినాయన్ని తిట్టుకోనక్కర్లేదు. 1995లో రస్మస్ లెర్డార్ఫ్ పీహెచ్‌పీని బయటపెట్టినప్పుడు అది తన ఆన్‌లైన్ రెజ్యూమెను ఎవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి రాసుకున్న చిన్న పనిముట్టు. హెచ్‌టీఎంఎల్ మధ్యలో కోడ్ పెట్టుకోగలగడమే ఆ భాషకు అంత గిరాకీ తెచ్చింది.

ఫీజు బకాయిల పేజీతో మొదలుపెట్టండి. ఇలాంటి సైట్లలో ఆ పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. పైన మెనూ ప్రింట్ చేసే హెడర్ ఫైల్, కింద టేబుల్ ట్యాగ్, దాని లోపల విద్యార్థుల క్వెరీ, ఆ లూప్ లోపల మళ్లీ ఒక్కో విద్యార్థి చివరిసారి ఎప్పుడు కట్టాడో తెచ్చే ఇంకో క్వెరీ. రెండొందల మంది ఉంటే ఒక పేజీకి 201 క్వెరీలు. పదో విద్యార్థి దగ్గర డేటాబేస్ మొరాయించిందనుకోండి, అప్పటికే సగం పేజీ బ్రౌజర్‌కి వెళ్లిపోయి ఉంటుంది. తొమ్మిది వరసలు, వాటి కింద ఒక ఎర్రర్. లాగిన్ పేజీకి పంపిద్దామన్నా 'హెడర్స్ ఆల్రెడీ సెంట్' (పేజీ ఇప్పటికే బయల్దేరిపోయింది) అని అడ్డం తిరుగుతుంది.

అందుకే నేను చెప్పే నియమం ఒకటే: మొదటి ట్యాగ్ బయటికి వెళ్లేలోపు ఆ పేజీకి కావాల్సిన డేటా అంతా చేతిలో ఉండాలి. ఫీజులకు సంబంధించిన క్వెరీలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. అందులో 'బకాయిలు_తెచ్చు' అని ఒక ఫంక్షన్ రాయండి. బ్యాచ్ నంబర్ తీసుకుంటుంది, వరసలన్నీ ఒక అరేగా (జాబితాగా) తిరిగి ఇస్తుంది. (పేరు తెలుగులో ఉంటే ఎలా అనుకోకండి, తెలుగు అక్షరాల పేర్లను పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. మీ తర్వాత వచ్చేవారి కోసం ఇంగ్లిష్‌లో పెడితేనే మంచిది.) పేజీలో మొదటి రెండు మూడు లైన్లలో దాన్ని పిలవండి. ఆ తర్వాత మిగిలేది హెచ్‌టీఎంఎల్, ఒక ఫర్ఈచ్ లూప్, కాసిన్ని ఎకోలు (విలువను పేజీలో రాసే ఆదేశాలు). ఆ ఫంక్షన్ తేడా కొడితే 'డేటా రావడం లేదు' అనే పేజీకి నిశ్చింతగా పంపొచ్చు. కనెక్షన్‌కి పీడీఓ (డేటాబేస్‌తో మాట్లాడే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్) వాడండి, విలువలను ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (విలువల చోటు ఖాళీగా ఉంచి తర్వాత నింపే క్వెరీ) ద్వారానే ఇవ్వండి. విడదీసినంత మాత్రాన ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (ఫారంలో క్వెరీ ముక్కలు టైప్ చేసి డేటాబేస్‌లోకి చొరబడటం) ఆగదు.

ఏది ఎటు వెళ్లాలన్న దగ్గరే తడబడతారు. వరసలను ఏ క్రమంలో పెట్టాలన్నది క్వెరీ పని. గడువు దాటిందా లేదా అన్నది ఫంక్షన్ తేల్చి అవునో కాదో చెప్పాలి. ఎందుకంటే రేపు ఎస్ఎంఎస్ పంపే ప్రోగ్రామ్‌కీ అదే కావాలి. గడువు దాటినవాళ్లను ఎర్ర రంగులో చూపించడం పేజీ పని. లక్షల కామాలు కూడా పేజీ పనే. పాత కోడ్‌లో ఫీజు మొత్తంలో కామాలు పెట్టేసి టెక్స్ట్‌గా దాచుకున్నవి చూస్తుంటాం. మైఎస్‌క్యూఎల్‌లో '1,25,000' అనే టెక్స్ట్‌ని కూడమంటే కామా దగ్గర ఆగి 1 అని లెక్కేస్తుంది. నెలాఖరు మొత్తంలో ఆ తేడా పట్టుకోవడం ఎంత టెన్షనో ఊహించుకోండి.

పూటకు ఒక పేజీ చొప్పున మార్చుకుంటూ రండి. మిగతావి కాస్త ఆగినా పర్లేదనుకుంటే జనం రోజూ వాడేవాటినే ముందు చెయ్యండి. అన్నీ అయ్యాక కూడా లారావెల్ కావాలనిపిస్తే అప్పుడు వెళ్లండి. క్వెరీలు ఒకచోట ఉంటాయి కాబట్టి ఆ పని సగానికి సగం తగ్గుతుంది.

ప్రశ్న: మా సైట్ జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది. టెంప్లేట్లలో (హెచ్‌టీఎంఎల్ ఉండే ఫైళ్లలో) ఒక్క క్వెరీ కూడా రాయలేదు. అయినా ఆర్డర్ల పేజీ నత్తనడక నడుస్తోంది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రాయలేదు, కానీ మీ టెంప్లేట్ పంపిస్తోంది. లూప్‌లో ఆర్డర్ పక్కన చుక్క పెట్టి కస్టమర్, మళ్లీ చుక్క పెట్టి పేరు అని రాసుంటారు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఆ కస్టమర్ వివరాలు అప్పటికి తెచ్చి ఉండకపోతే, జాంగో ఆ చుక్క దగ్గరే డేటాబేస్‌కి పరుగెత్తుతుంది. యాభై ఆర్డర్లుంటే యాభై పరుగులు. జాబితాకు ఒక క్వెరీ, ఒక్కో ఆర్డర్‌కి ఇంకొకటి కాబట్టి దీన్నే ఎన్ ప్లస్ వన్ అంటారు. పై ఉత్తరంలోని కోచింగ్ సెంటర్ జబ్బే ఇదీనూ, కాకపోతే అక్కడ కంటికి కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు.

వ్యూలో (పేజీకి డేటా తెచ్చిచ్చే కోడ్‌లో) 'సెలెక్ట్_రిలేటెడ్' వాడండి, రెండు టేబుళ్లనూ కలిపి ఒకే క్వెరీలో తెస్తుంది. ఒక్కో ఆర్డర్‌కి చాలా వస్తువులు ఉండే సందర్భంలో 'ప్రీఫెచ్_రిలేటెడ్' కావాలి. ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో జాంగో డీబగ్ టూల్‌బార్ అక్కడికక్కడే చూపిస్తుంది. టెస్టుల్లో 'అసర్ట్‌నమ్‌క్వెరీస్' పెట్టుకుంటే రేపు టెంప్లేట్‌లో ఎవరైనా ఇంకో చుక్క పెట్టినప్పుడు టెస్టే పట్టేస్తుంది.

ప్రశ్న: అన్ని పేజీల్లో తెలుగు బాగానే వస్తోంది. అడ్రస్ మార్చే పేజీలో మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలే. – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ పేజీలో సేవ్ బటన్ ఎవరూ నొక్కకుండా చూడండి. నొక్కితే ఆ ప్రశ్నార్థకాలే డేటాబేస్‌లోకి వెళ్తాయి, అసలు అడ్రస్ బ్యాకప్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఆ పేజీ బహుశా సొంతంగా కనెక్షన్ తెరుచుకుంటోంది, అది లాటిన్1 అనే పాత అక్షరాల పట్టికలో ఉండి ఉంటుంది. ఆ పట్టికలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి సర్వర్ ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం పెట్టి పంపిస్తుంది. కనెక్షన్ తెరిచే కోడ్‌ని ఒకే ఒక్క ఫైల్లో ఉంచి, అక్కడ యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగు, ఇమోజీలు అన్నీ పట్టే పట్టిక) అని పెట్టి, అన్ని పేజీలూ దాన్నే వాడేలా చెయ్యండి. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 అంటే అక్షరానికి మూడు బైట్ల వరకే. తెలుగుకు అది సరిపోతుంది గానీ కస్టమర్ ఒక ఇమోజీ పెడితే అక్కడ ఆగిపోతుంది.

ప్రశ్న: ఎక్సెల్‌కి ఎక్స్‌పోర్ట్ చేస్తే షాపు పేర్లలో '&' గుర్తు పక్కన 'ఏఎంపీ' అనే అక్షరాలు, సెమీకోలన్ వస్తున్నాయి. – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సేవ్ చేసేటప్పుడే ఎవరో 'హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్' (ఇలాంటి గుర్తులను హెచ్‌టీఎంఎల్ కోడ్‌గా మార్చే ఫంక్షన్) వాడారు. అది హెచ్‌టీఎంఎల్ పేజీ మీద చూపించే క్షణంలో చెయ్యాల్సిన పని. ఎక్సెల్‌కి, ఎస్ఎంఎస్‌కి దానితో సంబంధం లేదు. సేవ్ కోడ్‌లోంచి దాన్ని తీసి పేజీలో ఎకో దగ్గర పెట్టండి. బ్యాకప్ తీసుకుని పాత వరసలను ఒక్కసారి డీకోడ్ చెయ్యండి. కొన్ని పేర్లలో 'ఏఎంపీ' రెండుసార్లు కనిపిస్తే, ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ ఒకటి చేరిందని అర్థం. వాటికి డీకోడ్ కూడా అన్నిసార్లు చెయ్యాలి.