కేర్ హోమ్ ఉద్యోగం, నర్సు ఉద్యోగం ఒకటి కావు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉంది. బ్రిటన్‌లో కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌గా పెట్టిస్తామని, ఏడాది తర్వాత ఆసుపత్రిలో నర్సుగా మారిపోవచ్చని ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు అడుగుతున్నారు. రెండూ రోగుల సేవే కదా, అంత తేడా ఉంటుందా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చాలా తేడా ఉందమ్మా. ముందు ఆ డబ్బు కట్టకండి. 2025 జులై 22 నుంచి కేర్ వర్కర్, సీనియర్ కేరర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం బ్రిటన్ ఆపేసింది.

అయినా మీ ప్రశ్న మంచిది. ఆసుపత్రి వేరు, వృద్ధులను చూసుకునే కేర్ హోమ్ వేరు అన్న ఈ తేడా అక్కడ 1948 జులై 5న గట్టిపడింది. అంతవరకు స్థానిక కౌన్సిళ్లు నడిపిన మునిసిపల్ ఆసుపత్రులు ఆ రోజు ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో కలిశాయి. వృద్ధుల వసతి మాత్రం, అదే రోజు అమల్లోకి వచ్చిన ఇంకో చట్టం ప్రకారం, కౌన్సిళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆసుపత్రిలో వైద్యం ఉచితం, కౌన్సిల్ వసతికి స్తోమతను బట్టి డబ్బు కట్టాలి. చాలాచోట్ల రెండూ పాత వర్క్‌హౌస్ ఆవరణలోనే ఉండేవి. పేదలను పెట్టి పని చేయించుకున్న కట్టడాలవి. పొడవాటి హాలు, రెండు గోడల వెంట ముప్పై దాకా మంచాలు, అందరికీ కలిపి కొద్దిమంది నర్సులు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కూడా ఏళ్ల తరబడి కొత్త ఆసుపత్రులు కట్టలేదు. 90 కొత్త ఆసుపత్రుల ప్రణాళిక 1962లో గాని రాలేదు. 1958-59లో సామాజిక శాస్త్రవేత్త పీటర్ టౌన్‌సెండ్ 173 వృద్ధుల వసతి గృహాలు తిరిగి చూసేనాటికి ఎంతోమంది ఆ వర్క్‌హౌస్ గోడల మధ్యే బతుకుతున్నారు.

సిబ్బంది కొరత ఇంకా ఘోరం. వార్డులను లాక్కొచ్చింది ఎక్కువగా శిక్షణలో ఉన్న ఆడపిల్లలే. చేరినవాళ్లలో దాదాపు సగం మంది మధ్యలోనే మానేస్తున్నారని 1947లో సర్ రాబర్ట్ వుడ్ బృందం తేల్చింది. ఆ ఖాళీలు నింపడానికి కరీబియన్ దీవుల నుంచి అమ్మాయిలను పిలిచారు. ఇక్కడ జరిగిన అన్యాయం మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. మూడేళ్ల శిక్షణతో రిజిస్టర్డ్ నర్సు, రెండేళ్లతో ఎన్‌రోల్డ్ నర్సు అని రెండు దారులుండేవి. అర్హత ఉన్నవాళ్లను కూడా చాలామందిని రెండో దారిలోకి తోశారు. ఆ చదువుతో పై పోస్టులు రావు, సొంత దేశంలోనూ చెల్లదు. కొందరికి ఆ సంగతి శిక్షణలో చేరాక గాని తెలియలేదు. అప్పుడూ వాళ్లతో అన్న మాట ఇదే: ‘రెండూ నర్సింగే.’

వృద్ధుల సేవ చిన్న పని అని నేను అనడం లేదు. 1935లో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్జరీ వారెన్‌కు పక్కనున్న వర్క్‌హౌస్ వైద్యశాల నుంచి 714 మంది రోగులను అప్పగించారు. ఏళ్లుగా మంచాన పడున్నవాళ్లను ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించింది. గోడలకు రంగులు వేయించి, పట్టుకుని నడవడానికి కడ్డీలు పెట్టించి, లేపి నడిపించింది. ఎంతోమంది ఇళ్లకు వెళ్లారు. వృద్ధుల చికిత్స విభాగానికి వైద్యంలో గౌరవం అలా మొదలైంది. అక్కడివాళ్లు మొహం చాటేసిన ఆ వార్డులనే తర్వాత మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్లు ఎందరో నిలబెట్టారు. మీ అమ్మాయికి ఆ పని మీద మనసుంటే నేను సంతోషిస్తాను, కానీ రిజిస్టర్డ్ నర్సుగానే వెళ్లాలి.

దానికి దారి సూటిగానే ఉంది. డిగ్రీ పూర్తి చేసి, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుని, ఒక ఏడాదైనా వార్డులో పని చేస్తే మంచిది. వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీలో రైటింగ్‌కు సీ ప్లస్, మిగతా మూడింటికీ బీ రావాలి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ పెట్టే కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాయొచ్చు, ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ మాత్రం అక్కడే. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు హోదా దగ్గర ఏ మాట రాసి ఉందో మీరే చదవండి. ‘రిజిస్టర్డ్ నర్స్’ అని లేకపోతే, ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్ ఎప్పటికి, ఎవరి ఖర్చుతో అన్నది రాతపూర్వకంగా అడగండి. ఇవ్వం అని వాళ్లంటే సంతకం పెట్టనివ్వకండి.