సమాధానం: యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావాలని 2016లో ఓటేస్తే బ్రిటన్ 2020 దాకా ఎందుకు ఆగింది?

మీరు రెఫరెండాన్ని (ప్రజాభిప్రాయ సేకరణను) చట్టం అనుకుంటున్నారు. మీ గ్రూప్-1 వ్యాసం "జనం 2016లోనే వద్దన్నారు కదా, మరి 2020 దాకా ఎందుకు ఆగారు" అన్న చోట ఇరుక్కుపోవడానికి కారణం అదే. 2016 జూన్ 23న జరిగింది సలహా ఓటు మాత్రమే. బయటికి అన్నవాళ్లు 51.9 శాతం, ఉందామన్నవాళ్లు 48.1. ఆ లెక్కతో ఏ చట్టమూ దానంతటది మారలేదు.

ఇలా మార్చి చూడండి:

1. ముందు సార్వభౌమత్వం ఎవరిదో రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. బ్రిటన్‌లో అది పార్లమెంటుది. అందుకే 2017 జనవరి 24న సుప్రీంకోర్టు 8-3 మెజారిటీతో, పార్లమెంటు చట్టం చేయకుండా ప్రభుత్వం ఆర్టికల్ 50 (ఈయూ ఒప్పందంలో బయటికి వెళ్లే దారి చెప్పే నిబంధన) కింద నోటీసు ఇవ్వకూడదని తేల్చింది. యూరప్ చేతిలోంచి అధికారం వెనక్కి తెచ్చుకుందాం అన్నవాళ్లలోనే కొందరు ఆ కేసు మీద మండిపడ్డారు. వెనక్కి వచ్చే అధికారం పార్లమెంటుదే అయినప్పుడు దాన్ని అడగమనడం తప్పెలా అవుతుందో ఒక పేరా నిండా రాయండి, మీ వ్యాసానికి బలం అక్కడే.

2. నోటీసు ఇచ్చింది 2017 మార్చి 29న. గడువు రెండేళ్లు.

3. అప్పటి ప్రధాని థెరిసా మే ఈయూతో కుదుర్చుకున్న ఒప్పందం 2019లో పార్లమెంటులో మూడుసార్లు ఓడింది, మొదటిసారి 432-202. పీటముడి పడింది ఐర్లాండ్ సరిహద్దు దగ్గర (బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌కీ, ఈయూలో ఉన్న ఐర్లాండ్‌కీ మధ్య), అక్కడ మళ్లీ చెక్‌పోస్టులు రాకూడదు కాబట్టి.

4. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉందామన్నారు. "ప్రజల తీర్పు" అని రాసిన చోట ఏ ప్రజలదో కూడా చెప్పండి.

అలా గడువు జరుగుతూ వచ్చి, ఈయూ సభ్యత్వం పోయింది 2020 జనవరి 31న, పాత ఈయూ నిబంధనలు నడిచింది ఆ డిసెంబర్ 31 దాకా. ఈ రెండు తేదీలు కలిపేయకండి.