విదేశీ యాప్‌ను ప్రభుత్వం రాత్రికి రాత్రే ఆపేయొచ్చా?

దేశ భద్రత పేరు చెప్పి ఏ విదేశీ యాప్‌నైనా ఆపేసే అధికారం ప్రభుత్వానికి ఉందా, మనకు అడిగే హక్కేం లేదా అని అడిగారు. అధికారమైతే ఉంది. ఆ దెబ్బ నా షాపుకే తగిలింది కాబట్టి చెప్తున్నా.

2020లో అమీర్‌పేటలో చిన్న జిరాక్స్ షాపు నడిపేవాణ్ణి. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. లాక్‌డౌన్ సడలించాక అప్పుడప్పుడే షట్టర్ తీస్తున్న రోజులు. స్కానర్ పాడైతే బాగు చేయించడానికి డబ్బుల్లేక ఫోన్‌లో క్యామ్‌స్కానర్ అనే యాప్‌తోనే బండి లాగించా. కౌంటర్ మీద ఆధార్ కార్డు పెట్టడం, ట్యూబ్‌లైట్ వెలుగు పడి మెరవకుండా ఫోన్ కాస్త వంచి ఫొటో తీయడం, పీడీఎఫ్ చేసి ప్రింట్ కొట్టడం. పిల్లల ఫోన్లలోని రెజ్యూమెలు ఫోన్ నుంచి ఫోన్‌కు ఫైళ్లు పంపే షేర్‌ఇట్ యాప్‌లో వచ్చేవి.

జూన్ 29 రాత్రి టీవీలో ప్రభుత్వం ఆపేసిన 59 చైనా యాప్‌ల లిస్టు వచ్చింది. ఊరంతా టిక్‌టాక్ పోయిందని గోల. నా రెండు యాప్‌లూ అందులో ఉన్నాయి. సరిగ్గా రెండు వారాల ముందు లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో మనవాళ్లు 20 మంది అమరులయ్యారు, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కూడా అక్కడే. అలాంటప్పుడు నా స్కానింగ్ కష్టం ఎవరితో చెప్పుకుంటాం?

దీనికి ఆధారం ఐటీ చట్టం 69ఎ సెక్షన్. 2009 నాటి రూల్స్ ప్రకారం మామూలుగా అయితే ముందు నోటీసు ఇచ్చి కమిటీ వినాలి. ఎమర్జెన్సీ అంటే ముందు ఆపేసి, 48 గంటల్లో కమిటీ ముందు పెడితే చాలు. పైగా 16వ రూల్ ఆ వివరాలన్నీ గోప్యం అంటుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ పోస్టులకు జైల్లో పెట్టే 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది కానీ 69ఎను ఉంచింది. ఆర్డర్‌లో కారణాలు రాయాలి కాబట్టి హైకోర్టులో రిట్ (ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్) వేయొచ్చని కూడా చెప్పింది. కారణం మన చేతికే రానప్పుడు రిట్‌లో ఏం రాయాలో మరి! అమెరికాలో టిక్‌టాక్‌ను అమ్మండి లేదా వెళ్లండి అని 2024లో చట్టమే చేశారు. 2025 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు వాదనలు విని దాన్ని సమర్థించింది. ఆ చట్టంలో ఏముందో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

అధికారం ఉండకూడదని నేననను. ఎందుకంటే ఆ వారంలోనే నాకు ఒక సంగతి వెలిగింది: నా క్యామ్‌స్కానర్‌లో క్లౌడ్ సింక్, అంటే స్కాన్ చేసిందల్లా దానంతటదే కంపెనీ సర్వర్‌లోకి ఎక్కే సెట్టింగ్, ఆన్‌లోనే ఉంది. ఎంతమంది ఆధార్లు, పాన్ కార్డులు, మార్కుల మెమోలు అందులోకి ఎక్కాయో లెక్కే లేదు. హాస్టల్ అమ్మాయి ఒకామె వచ్చి "అన్నా, నా ఆధార్ చైనాకు పోయిందా?" అని అడిగితే నోట మాట రాలేదు. డిలీట్ చేద్దామంటే అప్పటికే నా అకౌంట్ తెరుచుకోవట్లేదు. నా అసలు కంప్లయింట్ ఇదే. యాప్‌కు తాళం వేశారు, లోపలున్న మన కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. వెనక్కి తీసుకోవడానికో చెరిపేయడానికో ఓ పది రోజులు గడువిచ్చి ఉంటే బాగుండేది.

షేర్‌ఇట్‌కు మాత్రం ఇంటర్నెట్ అక్కర్లేదు కదా, ఫోన్‌లో ఉన్నది ఇంకొన్నాళ్లు హాయిగా పనిచేసింది. భయమేసి నేనే తీసేశా.

తర్వాత అప్పు చేసి స్కానర్ కొన్నా. ఇప్పుడు ప్రింట్ అవగానే కస్టమర్ ముందే ఫైల్ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తా. మీరూ ఫోన్‌లో దేనికి క్లౌడ్ సింక్ ఆన్‌లో ఉందో ఈ రోజే చూసుకోండి.