బుర్సాలోని కోజా హాన్ చూడటానికి ఇస్తాంబుల్ నుంచి ఒక్క రోజు కోసం వెళ్లొచ్చా?

టర్కీలోని బుర్సా నగరంలో ఉన్న కోజా హాన్ ('హాన్' అంటే వర్తకుల సత్రం) లాంటి పాత సత్రంలో చూడటానికి ఏముంటుందని మీరు అడిగారు. నేను అక్కడ దాదాపు రోజంతా ఉన్నాను. తప్పకుండా వెళ్లండి.

మా నాన్న హిందూపురం దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచేవారు. చంద్రికల (పురుగులు గూళ్లు కట్టే వెదురు తట్టల) మీంచి గూళ్లు ఏరి మార్కెట్‌కి తీసుకెళ్లే రోజు ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఆలస్యమైతే పురుగు సీతాకోకచిలుకలా రెక్కల పురుగుగా మారి గూడు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది, ఇక దారం తియ్యలేం. టర్కీ భాషలో 'కోజా' అంటే పట్టుగూడు అని తెలిశాక నేను ఆగలేకపోయాను.

ఈ సత్రాన్ని ఒట్టోమాన్ సుల్తాన్ రెండో బాయెజిద్ కట్టించాడు, 1491లో పూర్తయింది. ఇస్తాంబుల్‌లోని తన మసీదు ఖర్చులకు ఈ గదుల అద్దె రాసిచ్చాడు. మన గుళ్లకు మాన్యాలు రాసినట్టే. ఇరాన్ నుంచి బిడారులు మోసుకొచ్చిన పట్టు బుర్సాలో చేతులు మారేది. మధ్య టర్కీలో అక్సరాయ్ దగ్గరి సుల్తాన్ హాన్ లాంటి సత్రాలు దారి మధ్యలో రాత్రి తలదాచుకోవడానికి కట్టినవి. ఇది ఊరి నడిబొడ్డున వ్యాపారం కోసం కట్టింది.

గోడల్ని దగ్గరికెళ్లి చూడండి. కొన్ని వరసలు రాయి, మధ్యలో ఎర్ర ఇటుక, మళ్లీ రాయి. నలుచదరపు పెద్ద వాకిలి, చుట్టూ రెండంతస్తుల్లో కమానుల వసారాలు, వాటి వెనక గదులు. సరుకు కింద, వర్తకులు పైన. పెద్ద ద్వారం మూసేస్తే అందరూ, అంతా భద్రం. ఉత్తరం వైపు ద్వారం మీద రాతి చెక్కడం చాలా బాగుంటుంది, హడావిడిగా దాటిపోకండి.

నాకు అన్నిటికంటే నచ్చింది వాకిలి మధ్యలోని బుల్లి మసీదు. ఎనిమిది పలకల గది, రాతి స్తంభాల మీద నేలకి ఎత్తుగా నిలబడి ఉంటుంది. దాని కిందే నీళ్ల తొట్టి. కాళ్లూ చేతులూ కడుక్కుని మెట్లెక్కి నమాజుకి వెళ్లడమే. కింద జనం, సరుకు ఎంత తిరిగినా పైన ప్రార్థనకి అడ్డం రాదు. చోటు వృథా చేయని అలాంటి ఆలోచన చూస్తే కట్టినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు ఆ వాకిట్లో చెట్ల కింద టీ బల్లలున్నాయి. గదులు ఎక్కువగా పట్టు స్కార్ఫుల దుకాణాలు. కొనేముందు అడిగి చూసుకోండి, అన్నీ అసలు పట్టు కావు. నేను అడిగితే ఒక పెద్దాయన అంచు నుంచి పోగు లాగి వెలిగించి నా ముక్కు దగ్గర పెట్టాడు. జుట్టు కాలిన వాసన. మా నాన్న కూడా అచ్చం ఇలాగే చూసేవారు. ఆ పెద్దాయనకి ఫోన్లో మా చంద్రికల ఫొటో చూపించాను. భాష రాకపోయినా "కోజా, కోజా" అంటూ పక్క దుకాణం వాళ్లని కూడా పిలిచాడు.

ఉలు జామీ మసీదు పక్కనే ఉంది. ముందు అది చూసి, మధ్యాహ్నానికి ఇక్కడికి రండి. పై వసారాలోకి మాత్రం తప్పక ఎక్కండి.